సోమేశ్వర్ కుడి బుగ్గ

ఆ సోమవారం పొద్దున సోమేశ్వర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎడమ జేబులో ఇరవై చింతగింజలు పోసుకుని దుకాణానికి వెళ్ళాలి. కుడి బుగ్గను లోపలినుంచి కొరుక్కున్నప్పుడల్లా ఒక గింజ తీసి కుడి జేబులో వేయాలి. సాయంత్రం ఇంటికొచ్చి లెక్క చూడాలి. ఇంత మాత్రానికే ఊరు తలకిందులవుతుందని ఎవరనుకుంటారు?

డెబ్బై తొమ్మిదిలో కేసముద్రంలో లక్ష్మీనారాయణ సేటుకు అడ్తి దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన పల్లికాయ అక్కడ తూకమై, బస్తాలకెక్కి, లారీల్లో వెళ్ళిపోయేది. సోమేశ్వర్ ఆ దుకాణంలో పద్దెనిమిదేళ్ళుగా గుమాస్తా. ఇన్నేళ్ళలో అతను ఎవరినైనా ఎదిరించి ఒక్క మాటన్నాడా అంటే, లేదు. మెత్తటి మనిషి. నోరు మూసుకునే ఉంటాడు కానీ ఆ నోట్లో పళ్ళు మాత్రం ఊరుకోవు. కుడి బుగ్గను లోపలికి లాక్కుని సన్నగా కొరుకుతూనే ఉంటాయి. అలా కొరికి కొరికి ఇప్పుడక్కడ శనగగింజంత పుండు తేలింది. కారం తగిలితే ప్రాణం పోయినంత పని. నెల రోజులుగా పెరుగన్నమే గతి.

ముందు రోజే మానుకోట వెళ్ళి డాక్టరు నర్సింగరావుకు చూపించుకున్నాడు. డాక్టరు టార్చిలైటు వేసి అటూ ఇటూ చూశాడు.

"ఎప్పుడు కొరుకుతవు?"

"తెల్వదు సార్."

"ఎందుకు కొరుకుతవు?"

"గది గూడ తెల్వదు సార్. కొరికినంకనే తెలుస్తది."

"గమ్మత్తున్నదే! పళ్ళు నీవే, బుగ్గ నీదే, నీకే ఖబర్ లేదు," అన్నాడు డాక్టరు, మంచి పొడుపుకథ దొరికినవాడిలా కుర్చీ ముందుకు జరుపుకుని.

పూతమందు ఇచ్చాడు. పెదవులు మూసుకున్నా పై పళ్ళు, కింది పళ్ళు తగలకుండా ఉంచుకోవడం అలవాటు చేసుకోమన్నాడు. గింజల ఉపాయం కూడా ఆయనదే.

"ఎన్నిసార్లు కొరికినవన్నది పెద్ద ముచ్చట కాదు. ఏ టైముల, ఎవరి ముంగట కొరికినవో యాదికి పెట్టుకో. పదిహేను దినాలకు రా. గప్పటికి గూడ పుండు మానకుంటే వరంగల్ పంపిస్త. ఆడ జర ముక్క కోసి పరీక్ష చేస్తరు."

'ముక్క' అన్న తర్వాత డాక్టరు ఇంకేం చెప్పాడో సోమేశ్వర్‌కు వినిపించలేదు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే భార్య రాజమణి గంటసేపు ఏడ్చింది. తెల్లారగానే కళ్ళు తుడుచుకుని గింజలు కడిగి, ఆరబెట్టి, లెక్కపెట్టి తనే జేబులో పోసింది.

"జర పైలంగ ఉండుండ్రి. ఒక్క గింజ గూడ అటు పోవద్దు. అవునుగని, నిన్నటి పప్పుల ఉప్పెక్కువైందా?"

"లేదు, మంచిగనే ఉండె," అన్నాడు సోమేశ్వర్.

మొదటి గింజ గడప దాటకముందే కుడి జేబులో పడింది.

దుకాణంలో కాంటా దగ్గర తూకం వేసేవాడు దడ్వాయి పోశాలు. ప్రతి బస్తానుంచీ సరుకు చూసే వంకతో పిడికెడు పల్లికాయ తీయడం, చూడకుండానే పక్కనున్న తన సంచిలో వేసుకోవడం అతని రివాజు. ఆ రోజు నెల్లికుదురు రైతు యాకయ్య సరుకు తూగుతోంది. పోశాలు పిడికిలి సంచిలోకి పోయింది. బల్ల వెనక కూర్చున్న సోమేశ్వర్ దవడ కదిలింది. చెయ్యి ఎడమ జేబులోకి పోయి, ఏదో తీసి, కుడి జేబులో వేసింది.

రెండో బస్తాకూ అంతే. మూడో బస్తాకూ అంతే.

పోశాలుకు అనుమానం వచ్చింది. నాలుగో బస్తాలో చెయ్యి పెట్టలేదు. సోమేశ్వర్ కదల్లేదు. ఐదో బస్తాలో పెట్టాడు. కదిలాడు. ఆరో బస్తా మీదికి చెయ్యి చాపి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. సోమేశ్వర్ చెయ్యి జేబు దాకా పోయి ఆగిపోయింది. పోశాలుకు చెమటలు పట్టాయి.

"సోమన్నా, గా జేబుల ఏందే?"

"ఏం లేదు."

నలభై రెండేళ్ళ మగవాడు బుగ్గ కొరుక్కుంటాడనీ, దాన్ని మాన్పించడానికి పెళ్ళాం గింజలు కడిగి పంపిందనీ ఎలా చెప్పుకుంటాడు పాపం! ఆ సిగ్గుకు ఇంకో గింజ పోయింది.

పోశాలు నేరుగా చాయ్ అమ్మే సత్తమ్మ దగ్గరికి పరుగెత్తాడు. సత్తమ్మ ఒకరు చెబితే నమ్మే మనిషి కాదు. తన పరీక్ష తనే పెట్టుకుంది. పాలకన్నా నీళ్ళెక్కువ పోసి చాయ్ కాచి తెచ్చింది.

"ఎట్లున్నది సోమన్నా?"

"మంచిగున్నది," అని చెయ్యి జేబులో పెట్టాడు సోమేశ్వర్.

"ఓ యవ్వ! గిదేదో నిజమే ఉన్నది," అని సత్తమ్మ గ్లాసు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

బుధవారానికి సంగతి తేటతెల్లమైంది, అంటే సత్తమ్మ తేల్చేసింది. సోమేశ్వర్‌ను తూనికలు కొలతల ఆఫీసువాళ్ళు లోపాయికారీగా పెట్టుకున్నారు. తప్పుకొక గింజ. ఎడమ జేబు ఖాళీ అయితే జీపు వస్తుంది. ఇక చూడాలి ఆ దుకాణం వైభవం! పోశాలు సంచి ఇంటి దగ్గరే వదిలేసి వచ్చాడు. చాయ్‌లో మీగడ తేలింది. యాకయ్య ఈ వింత చూసి, నెల్లికుదురులో తన చుట్టాలందరినీ బండ్లు కట్టించుకుని తీసుకొచ్చాడు.

సోమేశ్వర్‌కు ఇదేమీ తెలియదు. గురువారం రెండు గింజలే కదిలాయి, ఆ రెండూ ఇంట్లోనే. పుండు కొంచెం తగ్గినట్టనిపిస్తే పూతమందుకు దండం పెట్టుకున్నాడు.

బెంగ పట్టుకున్నది సేటుకు. తన దడ్వాయి ఉన్నట్టుండి నీతిమంతుడైతే ఏ సేటు నిద్రపోతాడు? పోశాలును నిలదీస్తే సంగతంతా కక్కాడు. సేటు ముఖం పాలిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం సోమేశ్వర్‌ను చెయ్యి పట్టుకుని మరీ ఇంటికి భోజనానికి తీసుకెళ్ళాడు. పద్దెనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి.

సేటు భార్య కమలమ్మ చేతి వంట ఘాటుకు పేరుమోసింది. పచ్చిమిరపకాయ తొక్కు వడ్డించింది. పుండు భగ్గుమంది.

"కారం సరిపోయిందా?"

"సరిపోయింది," అన్నాడు సోమేశ్వర్, ఎడమ చేత్తో గింజ తీస్తూ.

"ఇంకింత వేస్త."

ఇంకో గింజ. వంకాయ కూర, ఇంకో గింజ. సోమేశ్వర్ కళ్ళనుంచి ధారగా నీళ్ళు కారుతున్నాయి. సేటుకు అన్నం దిగడం లేదు. తనకు పట్టబోయే గతికి జాలిపడి గుమాస్తా ఏడుస్తున్నాడనుకున్నాడు. ఏడో గింజ కదిలేసరికి ఆయన ఓర్పు తెగిపోయింది.

"ఏడు ఎట్లైతయ్ సోమేశ్వర్? వరంగల్ ధర దిగిందని రైతులకు అబద్ధం చెప్తున్న, గది ఒకటి. బస్తకు రెండు కిలోలు తరుగు తీస్తున్న, గది రెండు. తడిసిన సరుకు కిందేసి మంచిది మీద పోయించిన, మూడు. ఇంకెక్కడియి?"

సోమేశ్వర్ నోరు మండిపోతోంది. జవాబు చెప్పలేక తల అడ్డంగా ఊపాడు. లెక్క ఇంకా పూర్తి కాలేదన్నాడనుకున్నాడు సేటు.

"సరే, కమలమ్మ వాళ్ళక్క వస్తనని రాసిన ఉత్తరాలు దాచిపెట్టిన. గదిగూడ రాసుకుంటివా?"

కమలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎన్ని ఉత్తరాలు?"

"నాలుగు," అన్నాడు సేటు. లెక్క ఏడుకు సరిపోయేటప్పటికి ఆయనకు ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది.

ఆ తర్వాత కమలమ్మ అన్న మాటలు వీధి చివరిదాకా వినిపించాయి. ఆ గొడవలో సోమేశ్వర్ చెంబెడు నీళ్ళు తాగి, నోరు చల్లబడ్డాక, గింజలన్నీ విస్తరి పక్కన పోసి ఉన్నదున్నట్టు చెప్పాడు. బుగ్గ సంగతి, డాక్టరు సంగతి, వరంగల్ ముక్క సంగతి.

సేటు ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"గింతేనా?" అన్నాడు. పళ్ళు కొరుకుతూ అన్నాడు.

శనివారంనుంచి దుకాణం మళ్ళీ దుకాణమైంది. పోశాలు సంచి తిరిగొచ్చింది, ఈసారి కాస్త పెద్దది. మీగడ మాయమైంది. పోయిన వారం రాబడి కూడా కలిపి లాగుతున్నారు అందరూ. సోమేశ్వర్ గింజలు పదింటికే అయిపోతున్నాయి. పుండు ఎర్రగా విచ్చుకుంది. పదిహేనో రోజు మానుకోట బస్సెక్కినప్పుడు, టికెట్టు ఇచ్చిన కండక్టరు కూడా అతని ముఖం చూసి అడిగాడు, ఎవరికైనా సీరియస్సా అని.

డాక్టరు మాత్రం పుండు చూడకముందే ఎప్పుడు, ఎవరి ముందు కొరికాడో అడిగాడు. సోమేశ్వర్ గుర్తున్నదంతా చెప్పుకొచ్చాడు. పోశాలు పిడికిలి, సత్తమ్మ చాయ్, కమలమ్మ తొక్కు, రాజమణి పప్పు, మూడు నెలలుగా ఇంట్లో మకాం వేసిన బామ్మర్ది. డాక్టరు కాగితం మీద రాసుకుని, పైనుంచి కిందికి చదివి, మళ్ళీ చదివాడు.

"పోశాలు చెయ్యి వెట్టని దినం కొరకలే?"

"కొరకలే సార్."

"తొక్కు వద్దని కమలమ్మతోని అన్నవా?"

"ఎట్లంట సార్?"

"గిదీ సంగతి! అనవలసిన మాట మింగిన ప్రతిసారి పళ్ళకు బుగ్గ దొరుకుతున్నది. మందు నా దగ్గర లేదు, నీ దగ్గరున్నది. పది దినాలిస్త. మాటన్న బయటికి రావాలె, ముక్కన్న బయటికి రావాలె. నువ్వే చూసుకో."

సోమేశ్వర్ జీవితంలో ఇంత భయపడింది లేదు. వరంగల్ కత్తి ఒకవైపు, సేటు ఒకవైపు. మర్నాడు యాకయ్య బండి వచ్చింది. వెనక ఇంకో పదకొండు బండ్లు. పోశాలు పిడికిలి బస్తాలో దిగింది. సోమేశ్వర్ పళ్ళు బుగ్గమీదికి వచ్చాయి. అతను లేచి నిలబడ్డాడు.

"పోశాలూ, గా పల్లికాయ మళ్ల బస్తల వెయ్యి."

గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. పోశాలు పిడికిలి దానంతటదే విచ్చుకుంది. ఒకసారి మొదలయ్యాక ఆగడం అతనికి చేతకాలేదు.

"సేటూ, వరంగల్ ధర దిగలే. పొద్దుగాల ఫోను నేనే ఎత్తిన. తరుగు తీసుడు గూడ బంద్ చెయ్యాలె. సత్తమ్మా, గిది చాయ్ కాదు, బియ్యం కడుగు."

సేటు అప్పటికప్పుడే అతన్ని గెంటేయాలని నోరు తెరిచాడు. పన్నెండు బండ్ల రైతులు ఆయన వైపే చూస్తున్నారు. గెంటితే బండ్లన్నీ ఎదురు దుకాణానికి మళ్ళుతాయని తెలుస్తూనే ఉంది. సేటు తెరిచిన నోరు మూసుకున్నాడు.

పది రోజుల తర్వాత డాక్టరు టార్చిలైటు వేసి చూస్తే బుగ్గ లోపల గులాబీరంగు చర్మం నున్నగా ఉంది. వరంగల్ అక్కర్లేదన్నాడు. సోమేశ్వర్ కళ్ళు చెమర్చాయి. ఈసారి కారం వల్ల కాదు. ఆ సంతోషంలో మిరపకాయ బజ్జీలు కొనడానికి బయటికి పరుగెత్తాడు. వెంట వచ్చిన రాజమణి మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"సార్, మీ కడుపు సల్లగుండ. మనిషి దక్కిండు," అని చేతులు జోడించింది. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "గని పప్పుల ఉప్పెక్కువ అంటరు. మా తమ్మునికి బస్సు టైములు చదివి వినిపిస్తరు. నేను మాట్లాడుతుంటే మధ్యల ఇంకెంతసేపు అంటరు. దుకాణంల ఇట్లనే ఉండనియ్యండ్రి సార్. ఇంట్ల వరకు జర మళ్ల కొరుక్కునేటట్టు ఏమన్న మందున్నదా?"

డాక్టరు ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఆయన దవడ మాత్రం ఒకసారి కదిలింది.