అపరిచిత గద్యం

బడిలో అందరూ ఆయన్ని అలంకారాల మాస్టారు అంటారు. ఆకలితో ప్రాణం పోతోందని ఎవరైనా అంటే, అది అతిశయోక్తి అని చెప్పి మరీ అన్నం పెట్టించే రకం. ఆయన దిద్దిన పేపర్లలో మార్కులు కూడేది మాత్రం ఇంట్లో భార్యే. మాస్టారికీ కూడికలకీ మొదటినుంచీ పడదు.

ఆ రోజు ఎనిమిదో తరగతికి పరీక్ష. పిల్లలు ఎన్నడూ చదవని పేరా ఒకటిచ్చి, కింద ప్రశ్నలు అడగాలి. అపరిచిత గద్యం అంటే అదే. ఎంత వెతికినా కొత్త పేరా దొరక్క మాస్టారు జుట్టు పీక్కుంటుంటే, వంటింట్లోంచి ఆవిడ అందుకుంది.

"కుళాయి కారుతోందని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. సాయంత్రం రాగానే పేపర్లలో తల దూరుస్తారు. ఈ ఇంట్లో నేనూ ఒక కుర్చీనే. కుర్చీయే నయం, దాన్నయినా దగ్గరికి లాక్కుంటారు."

మాస్టారి ముఖం వెలిగిపోయింది. "ఏదీ, ఆ కుర్చీ ముక్క మళ్ళీ చెప్పు!"

"ఎందుకండీ?" ఆవిడ చేతులు తుడుచుకుంటూ ఆశగా బయటికొచ్చింది.

"ఏం లేదు, బాగుంది." అప్పటికే ఆయన రాసేసుకుంటున్నారు.

నోరు అరిగిపోవడం ఏ అలంకారం? కుర్చీ ఏ అలంకారం? ఆ స్త్రీ కోరుతున్నదేమిటి? ఇవీ ప్రశ్నలు. మూడోదానికి జవాబు కూడా ఆయనే రాసిపెట్టుకున్నారు: కుళాయి బాగుచేయించడం. ఈ పేపర్ల కట్ట ఆవిడ కంటపడకుండా, ఇంటికి తేకుండా బడిలోనే దిద్ది, బడిలోనే కూడేసుకుంటే సరి అనుకున్నారు.

పాపం, మంచివాడే. ఆ సాయంత్రమే ప్లంబర్‌ని వెంటబెట్టుకొచ్చి కుళాయి బాగుచేయించారు.

"చూశావా! అడిగావు, చేయించాను."

"ఊఁ," అంది ఆవిడ.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో వినిపించింది ఆ ఊఁ ఒక్కటే. మొదట మాస్టారికి హాయిగానే ఉంది. తర్వాత భయమేసింది. కుళాయైనా కారితే బాగుండునని ఆయన నిజంగానే అనుకున్నారు.

ఈలోగా బడిలో ఆయన కూడికలు బయటపడ్డాయి. ఇరవై అయిదు మార్కుల పరీక్షలో ఒకడికి ముప్ఫై ఒకటి వచ్చాయి. పెద్దమేడమ్ కట్ట తిరిగిచ్చేశారు. "మాస్టారూ, దయచేసి మీ ఆవిడ చేతే కూడించండి."

కట్ట ఇంటికొచ్చింది. ఆవిడ కూడడం మొదలుపెట్టి ఆగిపోయింది.

"ఇదేంటండీ, క్లాసు క్లాసంతా మూడో ప్రశ్న తప్పిందా?"

వారం తర్వాత భార్య నోట అంత పొడుగు మాట విన్న సంతోషంలో మాస్టారు దాచాల్సిన సంగతే మరిచిపోయారు. "మొద్దులు! కుళాయి అని అంత స్పష్టంగా చెబుతుంటే అర్థం కాదూ?"

ఆవిడ ప్రశ్నపత్రం తీసి చదివింది. తన మాటలే, ఒక్క అక్షరం పోకుండా. తర్వాత ఒక పేపర్లోని జవాబు పైకి చదివింది. "'ఆవిడకి ఆయన కాసేపు పక్కన కూర్చుని మాట్లాడితే చాలు.' దీనికి సున్నా పెట్టారు. మిగతావాళ్ళూ ఇలాంటిదే రాశారు, వాళ్ళకీ సున్నాలే."

మాస్టారు ఆ పేపరు అందుకుని చూశారు.

"ఈ పిల్లకి ఎన్నేళ్ళుంటాయి?"

"ఎనిమిదో తరగతేగా."

"నన్ను చూసిందా ఎప్పుడైనా?"

"లేదు."

"మరి దానికెలా తెలిసిందండీ?"

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకి ఇంత కష్టంగా ఉండేది కాదు. ఇన్నేళ్ళూ ఆవిడ ప్రతి మాటకీ ఒక పేరు పెట్టాను గానీ, ఒక్కటీ వినలేదే అని మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. ఎర్రపెన్ను తీసుకుని సున్నాలన్నీ కొట్టేసి, అందరికీ మార్కులు వేశారు. ఆవిడ కూడింది.

"మరి నాకెన్ని?" అన్నారు బెరుగ్గా.

"కుళాయికి అర మార్కు."

"పాసవ్వాలంటే?"

"మళ్ళీ చదవాలి. మొదట్నుంచీ."

మాస్టారు కట్ట పక్కకి నెట్టి, కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నారు. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "చెప్పాలంటే ఒక జన్మ చాలదండీ," అంది.

ఏ అలంకారమో ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "చెప్పు, వింటాను," అన్నారు.