పేరున్నవాళ్ళ లైసెన్సు

"నేటితో మన డిజైన్ సంస్థలో అనామకుల పాలన అంతరించింది" అని మా శాఖ మంత్రిగారు విలేకరుల ముందు ప్రకటించారు. విలేకరులు రాసుకున్నారు. అనామకుల పాలన ఎప్పుడు మొదలైందని ఎవరూ అడగలేదు. ఆ సంస్థలో అడ్మిన్‌గా పనిచేస్తున్న నాకే ఆ సంగతి తెలియదు. మాకు తెలియనివి కూడా తెలుస్తాయి కాబట్టే ఆయన మంత్రి, నేను అడ్మిన్.

మాది ప్రభుత్వ సంస్థ. బడి కట్టాలన్నా, వంతెన కట్టాలన్నా ముందు డ్రాయింగు మా దగ్గర పుట్టాలి. ఆ డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్‌ని ఇన్నాళ్ళూ కంప్యూటర్ల లెక్కన కొనేవాళ్ళం. ఏ కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చుని ఎవరైనా గీసేవారు. కంపెనీవాడికి ఈ సుఖం కంటగింపైంది. ఇకపై లైసెన్సు కంప్యూటరుకు కాదు, మనిషికి అన్నాడు. ఎవరి పేరు మీద తీసుకుంటే వాళ్ళే వాడాలి. దానికి ‘నేమ్డ్ యూజర్’ అని పేరు పెట్టాడు. మా అనువాద విభాగం ఎంతో శ్రమపడి ఆ మాటను తెలుగు చేసి, ‘లైసెన్సులు ఇకపై పేరున్నవాళ్ళకు మాత్రమే’ అని ఫైలు పైకి పంపింది.

మంత్రిగారు ఆ వాక్యం చదివి, "కంపెనీవాడెవడో గానీ, మర్యాద తెలిసినవాడయ్యా" అన్నారట.

మాకు మంజూరైనవి నాలుగు లైసెన్సులు. మొదటిది మంత్రిగారి పేరు మీద, రెండోది వారి బావమరిది పేరు మీద రాశారు. బావమరిది పేరు చెబితే బజార్లో షట్టర్లు వాటంతటవే దిగుతాయి. అంతకన్నా పేరేం కావాలి? మూడోది వియ్యంకుడిగారికి. నాలుగోది మంత్రిగారి మీద పాటలు కట్టే కవిగారికి. పంపకంలో ఎక్కడా పక్షపాతం లేదు.

నేను పీఏ గారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, గీసేవాళ్ళకి ఒక్కటి కూడా మిగల్లేదండి."

"వాళ్ళకి పేరుందా?"

"ఉందండి. అటెండెన్సులో ఉంది."

"అటెండెన్సులో ఉండేది పేరు కాదయ్యా, హాజరు."

ఇంత సూక్ష్మం నా మట్టిబుర్రకు తట్టలేదు. వచ్చేశాను. నా వెనకే ఒక ఆర్డరు కూడా వచ్చింది. లైసెన్సు లేనివాళ్ళు మిగులు సిబ్బంది కిందికి వస్తారనీ, చేతిలో ఉన్న పిల్లల ఆసుపత్రి పని పూర్తికాగానే కాంట్రాక్టువాళ్ళను పంపేయాలనీ దాని సారాంశం.

అది చదివి, మేమంతా డ్రాయింగక్క అని పిలిచే ఆవిడ నా టేబుల్ దగ్గరికి వచ్చింది. మా సంస్థలో అందరికన్నా సీనియర్ ఆమె, ఇప్పటికీ కాంట్రాక్టే. భర్త నడుము పడిపోయి మంచం మీద ఉన్నాడు. ఇద్దరాడపిల్లలు చదువుతున్నారు. ఆమె జీతం ఆగిన రోజు ఆ ఇంట్లో పొయ్యి ఆగిపోతుంది.

"తమ్ముడూ, ఆ నాలుగింట్లో ఒకటి నా పేరు మీద రాయించలేవా?"

"నా చేతుల్లో లేదక్కా. పేరుండాలంట."

"పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు గానీ, మనకి పేరూ లేదు, ఊరూ లేదు" అని నవ్వి వెళ్ళి కూర్చుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పని ఆగకూడదు కదా. మంత్రిగారి లైసెన్సు తెరిచి, అక్క చేత గీయించే ఏర్పాటు చేశాను. తెరిచినప్పుడల్లా ఒక కోడ్ మంత్రిగారి ఫోనుకు వెళ్తుంది. మేము పీఏకి ఫోన్ చేస్తే, ఆయన మంత్రిగారిని అడిగి చెబుతారు. మంత్రిగారు కునుకు తీస్తే సంస్థ మొత్తం కునుకు తీసేది. ఒకసారి బహిరంగ సభ మధ్యలో పీఏ ఫోను అందించి చెవిలో ఏదో చెప్పారు. మంత్రిగారు మైకు దగ్గరే ఉండి, "నాలుగు, ఏడు, సున్నా, రెండు, ఒకటి, ఆరు" అని చదివారు. జనం చప్పట్లు కొట్టారు. మాకు కంప్యూటర్ తెరుచుకుంది. మర్నాడు పేపర్లో ‘పేదలకు నాలుగు లక్షల డెబ్భై వేల రెండువందల పదహారు ఇళ్ళు’ అని వచ్చింది. ఆ పదహారు దగ్గర మంత్రిగారి నిజాయితీ కనబడిందని సంపాదకీయం కూడా రాశారు.

ఇక డ్రాయింగు అడుగున ‘గీసినవారు’ అని ఒక గడి ఉంటుంది. లైసెన్సు ఎవరిదైతే వాళ్ళ పేరు అందులో దానంతటదే పడుతుంది. ప్రింటు చూసుకుని మంత్రిగారు మురిసిపోయారు. కవిగారు వెంటనే ‘రేఖాబ్రహ్మ’ అనే బిరుదు కనిపెట్టారు. బ్రహ్మ తన సృష్టిని పర్యవేక్షించడానికి మా ఆఫీసుకు దయచేసి, అక్క కుర్చీ వెనక నిలబడ్డారు.

"శిలాఫలకం ఎక్కడమ్మా?"

"పక్క గోడకండి."

"పక్కనుంటే ఎవడు చూస్తాడు? నాలుగు పేర్లు పట్టాలి. పెద్దది చేసి గుమ్మం ఎదురుగా నిలబెట్టు."

"అక్కడ పెడితే స్ట్రెచర్ తిరగదండి."

"రోగం తగ్గాక నడిచే పోతారు కదమ్మా."

"వచ్చేటప్పుడండి..."

"అసలు ఈ డ్రాయింగు గీస్తున్నదెవరు?"

అక్క స్క్రీను అడుగున ఉన్న గడి వైపు చూసింది. "మీరేనండి."

"మరి?"

మరేముంది, గీసింది.

ఆసుపత్రి ప్రారంభోత్సవం దివ్యంగా జరిగింది. ఎండలో బావమరిదిగారు అరగంట ఉపన్యసించి కళ్ళు తిరిగి పడిపోయారు. ఎదురుగానే ఆసుపత్రి ఉండటం ఆయన అదృష్టం. స్ట్రెచర్ మీద వేసుకుని పరుగెత్తారు. శిలాఫలకానికీ గుమ్మానికీ మధ్య స్ట్రెచర్ అడ్డం తిరిగి ఇరుక్కుపోయింది. ముందుకు పోదు, వెనక్కు రాదు. అడకత్తెరలో పోకచెక్కలా బావమరిదిగారు తన పేరు కిందే పడుకుని ఉండగా టీవీలవాళ్ళు తనివితీరా తీసుకున్నారు. చివరికి ఆయన్ను కిటికీలోంచి లోపలికి అందించారు.

"ఈ డ్రాయింగు ఎవరు గీశారు సార్?" అని విలేకరులు అడిగారు.

"ఎంతటివారైనా వదిలేది లేదు. విచారణకు ఆదేశిస్తున్నాను" అన్నారు మంత్రిగారు.

మర్నాడు పొద్దున్నే పూలగుత్తితో మా ఆఫీసుకు వచ్చారు. ఆ మొహంలో అంత వినయం నేనెప్పుడూ చూడలేదు.

"శ్రమ ఒకరిది, పేరు ఒకరిదా? నా మనసు ఒప్పుకోవడం లేదు. నా లైసెన్సును ఈ చెల్లెమ్మకు త్యాగం చేస్తున్నాను. ఆమె ఉద్యోగం కూడా పర్మనెంటు చేస్తున్నాను" అన్నారు.

పూలగుత్తి అక్క చేతిలో పెట్టారు. పీఏ గారు నన్ను లేపి నా కుర్చీలో కూర్చుని, అక్క గుర్తింపు కార్డు ముందు పెట్టుకుని, తన చేతులతో పేరు ఎక్కించారు. త్యాగం సంపూర్ణం కావాలి కనుక పాత డ్రాయింగులన్నీ తెరిచి ఆమె పేరు మీద మళ్ళీ సేవ్ చేయమన్నారు.

"ఆసుపత్రిది ముందు చెయ్యండి" అన్నారు మంత్రిగారు. కవిగారు చప్పట్లు మొదలుపెట్టారు.

అక్క అక్కడే ఇంటికి ఫోన్ చేసింది. "ఉద్యోగం నిలబడిందండీ. మంత్రిగారే స్వయంగా వచ్చారు" అంటూ ఏడ్చేసింది. చూస్తున్న నాకూ కళ్ళు చెమర్చాయి. ఇలాంటి మంత్రి మళ్ళీ దొరకడని అందరం అనుకున్నాం.

విచారణాధికారి రెండు రోజుల తర్వాత వచ్చాడు. వెంట ఇద్దరు పోలీసులున్నారు. హాలు మధ్యలో నిలబడి, కాగితం చూసి, ఇంటిపేరుతో సహా ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఒక పేరు చదివాడు.

"ఎవరు ఇక్కడ?"

అంత పెద్ద పేరు ఎవరిదా అని గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డ్రాయింగక్క కుర్చీ వెనక్కు జరిపి లేచి నిలబడింది.