మోటారు గదిలో కంప్యూటర్

మా భవన నివాసుల సంక్షేమ సంఘం కంప్యూటర్ యుగంలోకి అడుగుపెట్టిందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. లోకం ఆ యుగంలోకి ఎప్పుడో వెళ్ళిందనీ, పెరటి గుమ్మంలోంచి బయటికి కూడా వచ్చేసిందనీ గిట్టనివాళ్ళు అంటారు. మేము తొందరపడే మనుషులం కాము. నలుగురూ వాడి, అరగదీసి, ఇక మాకొద్దు బాబూ అన్న తరవాత ఒక వస్తువును చేరదీయడంలో ఉన్న నిదానం కొత్తవి కొనేవాళ్ళకు ఎన్నటికీ అబ్బదు.

మాది మూడంతస్తుల భవనం. వీధి గొట్టంలో వచ్చే నీళ్ళు కింది అంతస్తుకూ మధ్య అంతస్తుకూ వాటంతటవే ఎక్కుతాయి. పై అంతస్తుకు మాత్రం నేల కింది సంపులోంచి మోటారు వేసి ఎక్కించాలి. ఆ మోటారుకు ఆయాసం. ఒక పూట ఎక్కిస్తే రెండు పూటలు పడుకుంటుంది. పైన మూడు వాటాలుంటే నీళ్ళ బాధ పడలేక రెండు ఖాళీ అయిపోయాయి. మూడో వాటాలో ఒక నర్సమ్మ, మంచం పట్టిన ఆమె అత్తగారు మిగిలారు. లేవలేని మనిషిని శుభ్రంగా ఉంచడానికి ఎన్ని నీళ్ళు కావాలో చేసినవాళ్ళకే తెలుస్తుంది. మా కార్యవర్గంలో అలా చేసినవాళ్ళెవరూ లేరు. అధ్యక్షుడూ కార్యదర్శీ కింది అంతస్తువాళ్ళు. నేను మధ్య అంతస్తువాణ్ణి, ఉత్త సభ్యుణ్ణి.

నర్సమ్మ రోజూ డ్యూటీ దిగి వచ్చి, భుజం మీద సంచీ దించకుండానే కార్యదర్శి గారి గుమ్మం ముందు నిలబడి నీళ్ళు రావడం లేదని చెప్పేది. కార్యదర్శి గారు ఉద్యోగమంతా ఫైళ్ళకు తాళ్ళు కట్టి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. నీళ్ళు రాకపోవడం ఆయన్ను అంతగా నొప్పించలేదు. ఆ సంగతి ఇలా నోటిమాటగా, తేదీ లేకుండా, సంతకం లేకుండా, ఆయన కాఫీ తాగే వేళకు రావడం మాత్రం నొప్పించింది. ఫిర్యాదు అనేదానికి ఒక ఒడ్డూ పొడుగూ ఉండాలని ఆయన పట్టు.

సర్వసభ్య సమావేశంలో రెండు ప్రతిపాదనలు వచ్చాయి. మోటారు బాగుచేయించడం ఒకటి, ఫిర్యాదులు నమోదు చేసుకోవడానికి కంప్యూటర్ కొనడం రెండోది. కార్యదర్శి గారు రెంటినీ సమదృష్టితో తూచి చూపించారు. మోటారు బాగుచేయిస్తే వచ్చేవి నీళ్ళు, అంతే. కంప్యూటర్ కొంటే పేరొస్తుంది. పైగా పక్క భవనంవాళ్ళకు మంచి మోటారు ఉంది గాని కంప్యూటర్ లేదు. ఈ చివరి మాటతో సభలో ఉత్సాహం పొంగింది. అందరితోపాటు నేనూ చెయ్యెత్తాను. ఆ వేళకు నర్సమ్మ డ్యూటీలో ఉండడం వల్ల తీర్మానం ఏకగ్రీవమైంది.

మూతపడిన ఒక కార్యాలయంలో సామాను అమ్ముతున్నారని తెలిసి కార్యవర్గం తరలివెళ్ళింది. అధ్యక్షులు ఒకప్పుడు వంతెనలు కట్టించిన ఇంజనీరు. ఆయన కంప్యూటర్ పెట్టెను వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి విని, గట్టి ఇనుమని ధ్రువీకరించారు. తెర వెనకవైపు మూరెడు పొడుగుంది. దాన్ని ఇద్దరు మనుషులు రొప్పుతూ మోసుకొస్తుంటే చూసి మాకు నమ్మకం కుదిరింది. ఇంత బరువున్న వస్తువులో తెలివి తక్కువగా ఉండడానికి వీల్లేదు. మీట నొక్కితే మాత్రం అది మోగలేదు, వెలగలేదు. బాగా విశ్రాంతి తీసుకున్న యంత్రమని కార్యదర్శి గారు అభిమానంగా అన్నారు.

బాగుచేయడానికి మెకానిక్ వచ్చాడు. పక్క రేకు ఊడదీస్తే లోపల దిండుకు సరిపడా దుమ్ముంది. అతను బ్లోయరు పెట్టగానే అదంతా లేచి కార్యవర్గం మీద సమానంగా పడింది. ఏ సంస్కరణకైనా కొంత దుమ్ము తప్పదని కార్యదర్శి గారు దగ్గుతూనే వివరించారు. ఫ్యానులో ఒక సాలీడు పిల్లాజెల్లాతో కాపురం ఉంటోంది. ముందస్తు నోటీసు లేకుండానే దాన్ని ఖాళీ చేయించారు. తరవాత మెకానిక్ జ్ఞాపకశక్తి ఉండే రెండు పలకలను ఊడదీసి, వాటి అంచులను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగించాడు. తెర వెలిగింది. రబ్బరు ఉన్నది చెరపడానికని ఇన్నాళ్ళూ అనుకున్న మాకు, అది మతిమరుపుకు మందు కూడా అని ఆ రోజు తెలిసింది.

మెకానిక్ అంతటితో సరే అన్నాడు గాని, పెట్టె పాతబడి పసుపు తిరిగి ఉంది. సంఘం ఆస్తి అలా ఉండకూడదు. గేటుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు ఉంటే, పెయింటరును పిలిచి రెండు పూతలు వేయించాం. పెట్టె వెనక ఉన్న చిన్నచిన్న కన్నాలు చూడ్డానికి అసహ్యంగా ఉన్నాయని అతను పనిమీద శ్రద్ధతో వాటిని మక్కు పెట్టి పూడ్చాడు కూడా. పెట్టె కాసేపు నడిచి, సలసల కాగి, ఆగిపోయింది. మెకానిక్ మళ్ళీ వచ్చాడు. మేకు తీసుకుని ఒక్కొక్క కన్నమే పొడుస్తూ, "ఇవి కన్నాలు కావు సార్, దాని ముక్కు" అన్నాడు. పైన పటారం, లోన లొటారం అని మా మధ్య అంతస్తులో ఎవరో గొణిగారు. ఆ మాట తీర్మానాల్లోకి ఎక్కలేదు.

ఇక దాన్ని పెట్టడానికి చోటు. సంఘానికి సొంతమై, తాళం పడే గది మా భవనంలో ఒక్కటే ఉంది. అది మోటారు గది. మోటారు పక్కనే బల్ల వేసి, పైన పూల గుడ్డ పరిచి, కంప్యూటరును ప్రతిష్ఠించాం. ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టాం, కుర్చీలు వేశాం. కార్యదర్శి గారు ప్రసంగించారు.

"నేటి నుంచి మన భవనంలో బాధ అనేది ఒక పద్ధతి ప్రకారం ఉంటుంది. ఎవరి బాధ ఏ తేదీన మొదలైందో, ఎంత కాలంగా సాగుతోందో ఈ యంత్రం ఇట్టే చెప్పేస్తుంది. మరి బాధ తీరుతుందా అని కొందరు అడుగుతున్నారు. ముందు నమోదు కానివ్వండి."

చప్పట్లు ఆగాక మొదటి ఫిర్యాదుదారు కావాలి కనుక నర్సమ్మను పిలిచారు. ఆమె చెబుతుంటే కార్యదర్శి గారు ఒక్క వేలితో, కోడి గింజలు ఏరుకునే తీరున, 'పై అంతస్తులో నీళ్ళు రావడం లేదు' అని కొట్టారు. పక్కన తేదీ దానంతటదే పడింది. అది ఏ కాలం నాటి తేదీయో గాని, అప్పటికి మా భవనానికి పునాది కూడా తవ్వలేదు. అధ్యక్షులు కళ్ళజోడు సవరించుకుని తెరకేసి చూసి, భవనమే లేని రోజున కుళాయి ఉండే అవకాశం లేదు గనక ఫిర్యాదు చెల్లదని తీర్పు చెప్పారు. లెక్క ప్రకారం ఆయన మాట కాదనలేం.

మెకానిక్ మళ్ళీ వచ్చి లోపల టార్చి వేసి చూశాడు. "ఇందులో చొక్కా గుండీ అంత బ్యాటరీ ఉంటుంది సార్. అది చచ్చిపోయింది. కరెంటు పోయిందంటే దీనికి తేదీ గుర్తుండదు. ఆ గుండీ మార్చేస్తే సరి" అన్నాడు. కార్యదర్శి గారు తీర్మానం తీసి చదివారు. అందులో కంప్యూటర్ అని ఉంది గాని గుండీ అని లేదు. కాబట్టి వచ్చే సర్వసభ్య సమావేశం దాకా ఆగాలి. అప్పటివరకు ఏం చెయ్యాలని అడిగితే, తేదీ చేత్తో సరిదిద్ది పెడతాను, కరెంటు మాత్రం పోనివ్వకండి అని చెప్పి మెకానిక్ వెళ్ళిపోయాడు.

అక్కడే ఒక చిన్న చిక్కు వచ్చింది. మోటారు వేసినప్పుడల్లా ఆ గదిలో దీపం మసకబారి, కంప్యూటర్ ఆగిపోతోంది. ఆగితే తేదీ పోతుంది. తేదీ పోతే ఫిర్యాదు చెల్లదు. అంటే పై అంతస్తు ఫిర్యాదు చెల్లాలంటే మోటారు వేయకూడదు. కార్యవర్గం ఈ సమస్యను అన్ని కోణాల నుంచీ పరిశీలించి, నర్సమ్మ మేలు కోరే, మోటారు పూర్తిగా ఆపేసింది. తలుపు మీద బోర్డు వెలిసింది: 'కంప్యూటర్ పనిచేయుచున్నది. మోటారు వేయరాదు.'

అంతకుముందు మూడు పూటలకొకసారైనా వచ్చే నీళ్ళు ఇప్పుడు బొత్తిగా రాలేదు. నర్సమ్మ గేటు దగ్గర కుళాయిలో బక్కెట్లు పట్టి రెండంతస్తులు మోసేది. పొద్దున డ్యూటీకి ముందు కొన్ని, దిగాక కొన్ని. మెట్ల మీద ఆమె ఎదురైతే మేము మర్యాదగా గోడకు ఒత్తుకుని దారి ఇచ్చేవాళ్ళం. ఒకరోజు ఆమె బక్కెట్టు కింద పెట్టి కార్యదర్శి గారితో అంది:

"బాబాయి గారూ, నీళ్ళు రావట్లేదని రాసుకోడానికి నీళ్ళు ఆపేశారు. మోటారు వేస్తే అసలు ఫిర్యాదే ఉండదు కదా?"

"అదేనమ్మా తొందరపాటు. ఫిర్యాదే లేకపోతే ఇంత కష్టపడి కంప్యూటర్ తెచ్చింది దేనికి?" అన్నారు కార్యదర్శి గారు ఎంతో ఓపికగా.

ఆమె బక్కెట్టు ఎత్తుకుని మెట్లెక్కింది. రోజూ వచ్చి ఫిర్యాదు మాత్రం రాయించేది. అన్నీ సరైన తేదీలతో, ఒకదాని కింద ఒకటి, దారానికి గుచ్చినట్టు పడ్డాయి. కార్యదర్శి గారు వచ్చినవాళ్ళందరికీ తెర చూపించి మురిసిపోయేవారు. ఈ యంత్రమే లేకపోతే పై అంతస్తులో పరిస్థితి ఇంత ఘోరంగా ఉందని మనకు ఎలా తెలిసేదని అడిగేవారు.

ఆ అత్తగారికి వీపంతా పుండ్లు పడడం మొదలైంది. శుభ్రం తప్పితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాడట. ఒక మధ్యాహ్నం నర్సమ్మ ఇంటికి వచ్చేసరికి పెద్దావిడ పక్కంతా పాడుచేసుకుని, సిగ్గుతో కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. ఇంట్లో చెంబెడు నీళ్ళు లేవు. గేటు కుళాయిలో నీళ్ళు వచ్చే వేళ కాదు. నర్సమ్మ నేరుగా కిందికి దిగి, మేకుకు తగిలించి ఉన్న తాళంచెవి తీసుకుని, బోర్డు చదివి, తలుపు తెరిచి మోటారు వేసింది. చాలాకాలం పడుకున్న మోటారు ఒక్క ఉదుటున లేచింది. కంప్యూటర్ టప్పుమంది. ఆకుపచ్చ పెట్టె ముక్కుల్లోంచి సన్నగా పొగ వచ్చింది.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం. పెట్టెను గది బయటికి తెచ్చి, పూల గుడ్డ కప్పి, చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అధ్యక్షులు దాని సేవలను కొనియాడారు. తరవాత అందరం లేచి మౌనం పాటించాం. ఆ మౌనంలో పైనుంచి నీళ్ళ చప్పుడు వినబడింది. ఎవరో చెంబుతో ముంచి ముంచి పోస్తున్నారు. మధ్యమధ్య ఒక ముసలి గొంతు, "ఇంకొంచెం పొయ్యవే తల్లీ, ప్రాణం లేచొచ్చినట్టుంది" అంటోంది. సంతాప సమయంలో ఇలాంటి శబ్దాలు చేయడం సంస్కారం కాదని అధ్యక్షులు నొచ్చుకున్నారు.

కొంతసేపటికి నర్సమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ దిగి వచ్చింది. చేసినదానికి బాధపడుతున్నావా అని అధ్యక్షులు గంభీరంగా అడిగారు.

"పడుతున్నానండి. రాసుకోండి. తేదీ కూడా వేసుకోండి" అంది ఆమె.

సంఘం ఆస్తికి హాని చేసినవాళ్ళు భవనంలో ఉండరాదని తీర్మానించాం. ఈసారీ అందరూ చేతులెత్తారు. వాటిలో నా చెయ్యి ఎంత ఎత్తున ఉందో ఎవరూ కొలవలేదు. నర్సమ్మ వేరే చోట ఇల్లు చూసుకుని, అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మనుషుల చేత దింపించుకుంది. పెద్దావిడ వెళుతూ వెళుతూ మాకందరికీ చేతులు జోడించింది. మేము గేటు రెండు రెక్కలూ పట్టుకుని పూర్తిగా సహకరించాం.

ఆ తరవాత మెకానిక్ వచ్చి చూస్తే పోయింది లోపలి పవర్ పెట్టె ఒక్కటేనట. అది మార్చాడు. గుండీ కూడా మంజూరైంది. కంప్యూటర్ మళ్ళీ లేచి కూర్చుంది, తేదీ కూడా గుర్తుపెట్టుకుంటోంది. పై అంతస్తు మొత్తం ఖాళీ గనక మోటారుతో పని లేదని దాన్ని పాత ఇనుముకు అమ్మేశాం. ఫిర్యాదు చేసిన మనిషే లేదు గనక పాత ఫిర్యాదులన్నీ చెరిపేశాం. ఇప్పుడు తెర మీద ఫిర్యాదుల సంఖ్య సున్నా. పక్క భవనాలవాళ్ళు వచ్చి ఆ సున్నాను చూసి, ఎలా సాధించారని అడిగి, రాసుకుని వెళుతున్నారు.

ఈమధ్య వీధిలో కొత్త ఇళ్ళు లేచి గొట్టంలో జోరు తగ్గింది. నీళ్ళు కింది అంతస్తు దాకా వచ్చి ఆగిపోతున్నాయి. మా ఇంట్లో కుళాయి తిప్పితే దగ్గు తప్ప ఇంకేమీ రావడం లేదు. ఫిర్యాదు రాయిద్దామని మోటారు లేని మోటారు గదికి వెళ్ళాను. కార్యదర్శి గారు పూల గుడ్డ తొలగించి, తెర వెలిగించి, ఆ సున్నాను నాకు ప్రేమగా చూపించారు.

"ఎంత ముచ్చటగా ఉందో చూశారా? దీన్ని మీ చేత్తో చెడగొట్టడం బాగుంటుందా?" అన్నారు.

నాకూ మనసొప్పలేదు. ఇంటికి వెళ్ళి బక్కెట్టు తెచ్చుకున్నాను. కింది అంతస్తువాళ్ళు మర్యాదగా గోడకు ఒత్తుకుని దారి ఇచ్చారు. వాళ్ళు నన్ను చూసిన చూపు నాకు కొత్తది కాదు. ఇన్నాళ్ళూ నేను చూసిన చూపే.

అన్నట్టు, మీరుండేది ఎన్నో అంతస్తు?