సగంలో కరెంటు పోయిన సినిమా

సైదాబాదులో మేనత్త ఇంట్లో బతుకమ్మ పేరుస్తూ ఉండాల్సిన కూతురు వాసంతి, ఎల్.బి.నగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద ఒక పరాయి మగాడి నోట్లో పులిహోర ముద్ద పెడుతూ టీవీలో కనిపించింది.

మార్కండేయులు చేతిలోని చాయ్ లుంగీ మీద ఒలికింది. సకల జనుల సమ్మె పుణ్యమా అని దిల్‌సుఖ్‌నగర్‌లోని తన చీరల దుకాణం మూసి, పొద్దంతా కాళ్లు చాపుకుని వార్తలు చూద్దామన్నది ఆ రోజుకి ఆయన వేసుకున్న పథకం. నిజానికి ఆయన కూతురి మొహం కంటే ముందు చీరను గుర్తుపట్టాడు. పోచంపల్లిలో తన చేత్తో దారాలకు ముడులు కట్టి, రంగులద్ది, నేసిన చిలకల చీర అది. ఒక వరసలో రంగు కారి చిలకల ముక్కులు వంకరపోయాయి. అట్లాంటిది లోకంలో ఇంకొకటి లేదు. కిందటి నెల నరేష్‌కుమార్‌తో వరపూజ జరిగి తాంబూలాలు మార్చుకున్న నాడు వాసంతి కట్టింది దాన్నే. పెళ్లి కార్డులు కూడా అచ్చయ్యాయి. టీవీలో ముద్ద తింటున్నవాడు మాత్రం నరేష్‌కుమార్ కాడు.

"ఏమే, గీ మధ్య పిల్ల ఏమన్న పరేషాన్‌ల ఉన్నదా?" అని భార్య లింగమ్మను అడిగాడు, టీవీకి అడ్డం నిలబడి.

"పరేషాన్ ఏంది? మొన్న నాతోని కూసొని హిందీ సినిమా చూసింది. పోరనికి వేరే పిల్లతోని కుదిరింది, పోరికి వేరే పిలగానితోని కుదిరింది. గా ఇద్దరు ప్రేమించుకుంటరు. అది చూసి మస్తు ఏడ్చింది."

"ఆఖరికి ఏమైతది?" అన్నాడు మార్కండేయులు.

"ఏమో. కరెంటు పోయింది."

అంతలో ఫోను మోగింది. నరేష్‌కుమార్ తల్లి అండాలమ్మ. "అన్నా, టీవీల చిలకల చీర కట్టుకున్న పిల్ల జర మన వాసంతి లెక్కనే ఉంది?"

"అయ్యో చెల్లే, వాసంతి ఇంట్ల పడుకున్నది. అమ్మవారు పోసింది," అన్నాడు మార్కండేయులు. ఒళ్లంతా పొక్కులు పోసిన మనిషి ఉన్న ఇంటి గడప పరాయివాళ్లు తొక్కరు. చూసి పోతామని వియ్యాలవారు బయల్దేరే భయం లేదు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

"తల్లీ! అయితె పెండ్లి మాట ఇప్పట్ల ఎత్తొద్దన్నా. అమ్మవారు చల్లగ దిగినంక చూద్దాం," అని అండాలమ్మ పెట్టేసింది. ఆయన మురిపెం అక్కడితో సరి.

వెనక్కి తిరిగేసరికి లింగమ్మ గుండెలు బాదుకుంటోంది. "నా బిడ్డకు అమ్మవారా! సైదాబాదు పోయి ఒక దినం గాలేదు!"

ఆ కేకకు పక్కింటి సైదమ్మ వేపమండలతో వచ్చి గుమ్మానికి కట్టేసింది. వాడకట్టులోని ఆడవాళ్లు పసుపునీళ్లు తెచ్చి వాకిలి తడిపారు. "బిడ్డను ఇంటికి తోలుకరావాలె గదా, అట్ల నిలబడ్డవేందన్నా?" అని సైదమ్మ గదమాయించింది. అదే సందని మార్కండేయులు చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డెక్కాడు.

బస్సుల్లేవు, ఆటోల్లేవు. కొత్తపేట దాకా నడిచేసరికి ఊరేగింపు ఆయన్ని తనలో కలిపేసుకుంది. ఎవరో చేతికి జెండా ఇచ్చారు. నినాదాల సందున పక్కాయన చెవిలో అడిగాడు: "అన్నా, వేరేటోళ్లతోని పెండ్లి కుదిరినోళ్లు ప్రేమించుకుంటె, హిందీ సినిమాల ఆఖరికి ఏం చేస్తరు?"

"లేచిపోతరు," అన్నాడతను జెండా ఊపుతూ.

వెనకున్న పెద్దమనిషి ఒప్పుకోలేదు. "హిందీల ఎవలో ఒకలు చావంది సినిమా ముగియదు తమ్మీ. పాటలు గూడ దానికి తగ్గట్టే పెడతరు."

మార్కండేయులు పరుగందుకున్నాడు.

ఎల్.బి.నగర్ చౌరస్తాలో రోడ్డు మధ్యనే పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. సమ్మెలో ఉన్న ఆఫీసువాళ్లతో కలిసి వాసంతి వడ్డిస్తోంది. తండ్రి చేతిలో జెండా చూసి మొహం విప్పారింది. "నాయినా! నువ్వు గూడ ఒచ్చినవా? నువ్వు తిడతవనే నేను అత్తమ్మ ఇంటికని చెప్పిన!"

"వాడెవడు?" అని జెండా కర్రతోనే చూపించాడు.

"మధు. ఆర్టీసీల కండక్టరు. మొన్నటిసంది అన్నం ముడతలేడు. బతిమాలి తినిపిస్తున్న."

"వానికి పెండ్లి కుదిరిందా?"

"కుదిరింది. రమ్య అని."

సినిమా మొత్తం మార్కండేయులు కళ్ల ముందు ఆడింది. "నీకు దండం పెడత బిడ్డా! ఇజ్జత్ పోతది. అండాలమ్మకు నీకు అమ్మవారు పోసిందని చెప్పిన. ఇంటి ముందట వేపమండలు కట్టిన్రు!"

వాసంతి గంటె పక్కన పెట్టింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుని ఫోన్ తీసి, "ఉన్నపళంగ చౌరస్తకు రా," అని ఎవరికో చెప్పింది. "నరేష్ ఒస్తుండు నాయినా. సంగతేందో ఆయన నోటితోనే విను."

నరేష్‌కుమార్ బండి మీద రానే వచ్చాడు, నుదుట ఇంత కుంకుమతో. మార్కండేయులు ఎదురు ఉరికి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "బాబూ, తప్పంత మాదే. మా పిల్లకు తెల్వదు, సినిమాలు చూసి ఆగమైంది. నువ్వు మనసుల పెట్టుకోకు."

నరేష్‌కుమార్ చేతులు విడిపించుకుని, అంతమందిలోనూ ఆయన కాళ్ల మీద పడ్డాడు. మధు మొహం అటు తిప్పుకున్నాడు.

"తప్పు నాది మామా! మధుకు కుదిరిన రమ్య, నేను ప్రేమించుకున్నం. మొన్న వాసంతికీ మధుకూ చెప్పుకున్న గని, మీకు చెప్పనీకి ధైర్యం చాలలే. పొద్దున మీ బిడ్డకు అమ్మవారు పోసింది, పెండ్లి ఆగిందని మా అమ్మ అనంగనే, గుడికి ఉరికి కొబ్బరికాయ కొట్టిన."