గోడ కింద పాకిన వెదురు

చెన్నకేశవ నాటిన వెదురు గోడ కింద దూరిపోయి, పక్కింటి జువేరియా వంటింట్లో గ్యాసు పొయ్యిని పైకెత్తిందని ఎదురింటి నిర్మలమ్మ పాలామెతో అన్నదట. పాలామె ఆ మాటను పాలతో పాటే చెన్నకేశవ గడపలో పోసి పోయింది. నిజానికి లేచింది పొయ్యి కాదు, వరండాలో ఒక టైలు. కాకపోతే ఆ టైళ్లు జువేరియా భర్త సిరాజుద్దీన్ కువైట్ ఎండల్లో సంపాదించిన దుడ్లతో వేయించినవి. ఇంతవరకూ వాటిని ఫోనులో తప్ప చూసుకోలేదు. ఆ ఆదివారం సాయంత్రమే అతను ప్రొద్దుటూరులో దిగుతున్నాడు.

జువేరియా ముందురోజే గోడ మీదుగా చెప్పేసింది.

"అన్నా, ఆయన వచ్చేలోపల ఆ మొలక ఈడ కనపడగూడదు. చూసినాడంటే మన రెండిండ్ల నడుమ ఉండేది గోడ కాదు, కోట!"

జూనియర్ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే చెన్నకేశవ మూడు రకాల వెదుర్లు పెంచాడు. గేటు పక్కన పసుపు వెదురు పొదగా ఉన్నచోటే ఉండేది. తొట్టిలోని పొట్ట ఉబ్బిన కణుపుల వెదురు మరీ బుద్ధిమంతురాలు. మూడోదానితోనే వచ్చింది చిక్కు. ఖాజీపేట దారిలోని నర్సరీ అతను అమ్మేటప్పుడే హెచ్చరించాడు.

"సార్, ఇది పాకుతాది. చూసుకోండి."

"పాకేదే కావల్లప్పా. గోడంతా పాకితే సన్నజాజి మాదిరి శానా బాగుంటాది."

అది గోడ మీద పాకలేదు. గోడ కింద పాకింది.

ఆదివారం పొద్దున్నే చెన్నకేశవ లుంగీ ఎగ్గట్టాడు. ఆ పాకే వెదుర్లన్నీ నరకాలి, వేరుదుంపలు తవ్వి తీయాలి, మళ్లీ దాటకుండా గోడ వెంట లోతుగా రేకు పాతాలి, ఆఖరికి టైలు సర్దాలి. ఎండెక్కేసరికి నరుకుడు అయింది. ఇంటికంటే పొడవైన పచ్చి వెదుర్లను వీధి గేటుకు ఆనించి, వాటిని కట్ట కట్టడానికి ఖాజా అంగడికి ఫోను చేశాడు.

"ఖాజా, కొత్త తాడు ఒక చుట్ట పంపప్పా."

"కొత్త కుండ గూడా చెప్పండి!" లోపలి నుంచి భార్య లక్ష్మీప్రియ కేకేసింది.

"ఆఁ, ఒక మట్టికుండ గూడా."

ఖాజా గొంతు తగ్గింది. "ఎవరికి సార్?"

"మా అమ్మకు," అని ఫోను పెట్టేశాడు. ఫ్రిజ్జు నీళ్లు తాగితే తల్లి చిన్నసుబ్బమ్మకు దగ్గొస్తుంది. ఆ పురాణమంతా అంగడివాడికి ఎందుకనుకున్నాడు.

ఖాజా తానే సామాను పట్టుకుని వచ్చాడు. గేటు దగ్గర పచ్చి వెదుర్లు కనిపించాయి. కొత్త తాడు, కొత్త కుండ తన చేతిలోనే ఉన్నాయి. ఈ మూడూ ఒక గడప ముందు చేరితే అది పాడె సామానని ఆ వీధిలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒళ్లంతా మట్టితో, చెమట దిగి ఎర్రబడ్డ కళ్లతో చెన్నకేశవ బయటికొచ్చాడు.

"ఎప్పుడెత్తుతారు సార్?" ఖాజా మెల్లగా అడిగాడు.

"సాయంత్రం లోపలే ఎత్తేయల్ల. సిరాజ్ చూడకముందే."

ఖాజా కొయ్యబారిపోయాడు. తల్లి పోయిన నాటినుంచీ సిరాజుద్దీన్ చిన్నసుబ్బమ్మ చేతి సంగటి తిని పెరిగినవాడు.

"ఒక్కసారన్నా చూసుకోవద్దా సార్, ఆయప్ప?"

"చూసినాడంటే కొంప మునుగుతాది. బిరీన ఎత్తేయమని జువేరియానే చెప్పింది."

"పూడుస్తారా, కాలుస్తారా?"

"కాల్చేయాల్సిందే. పూడిస్తే మళ్లా లేస్తాది."

ఖాజా రెండడుగులు వెనక్కి వేశాడు. దుడ్లు కూడా అడగకుండా సందు మలుపు తిరిగి, సిరాజుద్దీన్‌కు ఫోను కలిపాడు.

"భాయ్, యాడుండావు? చిన్నసుబ్బమ్మ పాయ. నీకు చూపియ్యకుండా ఎత్తేస్తాండారు. లేస్తాదేమోనని భయపడతాండారు, పాపం!"

ఆ ముక్క నిర్మలమ్మ చెవిన కూడా పడింది. జమ్మలమడుగు, పులివెందుల చుట్టాలకు కబురందించే భారం ఆమె సంతోషంగా మోసింది.

మధ్యాహ్నం చిన్నసుబ్బమ్మ అన్నం తిని, ఈగలు వాలకుండా ముఖం మీదికి దుప్పటి లాక్కుని, హాల్లో చాప మీద నిద్రపోతోంది. లక్ష్మీప్రియ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. చెన్నకేశవ పక్కింటి వరండాలో టైలు కింద దుంప కోసం గడ్డపారతో కుస్తీ పడుతున్నాడు. అంతలో తన ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయి. గడ్డపారతోనే పరుగెత్తాడు.

హాలు నిండా జమ్మలమడుగు ఆడవాళ్లు. పులివెందుల నుంచి వచ్చిన చిన్నసుబ్బమ్మ మేనల్లుడు లోకనాథ్ చామంతి దండ పట్టుకుని వంగి ఉన్నాడు. దండ తగలగానే దుప్పటి లేచింది.

"ఏంది గలాటా? ఎవరు పోయినార్రా?" అంది చిన్నసుబ్బమ్మ.

లోకనాథ్ వెనక్కి పడి కొత్త కుండ మీద కూర్చున్నాడు. కుండ మిగల్లేదు.

అప్పుడే వాకిట్లో కారు ఆగింది. పులివెందులలో అక్క ఇంట్లో భోంచేసి సాయంత్రానికి వస్తానన్న సిరాజుద్దీన్, అక్క ఊరు కూడా ఆగకుండా దాటేసి వచ్చాడు. చెప్పులు కారులోనే మరిచి లోపలికి దూకాడు. కూర్చుని ఉన్న ముసలామెను చూసి అక్కడే కూలబడి, కాళ్లు పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆమె అతని తల నిమిరింది.

"చిక్కిపోయినావు గదరా. ఆడ కూడు పెట్టరా?"

జువేరియా గుమ్మంలో నిలబడి చెన్నకేశవ వైపు చూసింది. ఇక దాచేదేముందని అతను గొంతు సవరించుకున్నాడు.

"సిరాజ్, మా వెదురు మీ ఇంట్లోకి పాకి నీ టైలు లేపేసింది. దాన్నే ఎత్తేస్తానంటి. ఖాజా ఇంకోలా విన్నాడు."

సిరాజుద్దీన్ కళ్లు తుడుచుకుని అయోమయంగా చూశాడు. తర్వాత నవ్వాడు.

"టైలు మళ్లా ఏసుకుందాంలే కేశవా. అమ్మ ఉండాది, అది చాలు."

చెన్నకేశవ గడ్డపార కింద పెట్టేశాడు. హాల్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కుండ పెంకులు దులుపుకుంటూ లేచిన లోకనాథ్ కూడా ఆ వేడిలోనే ఒక మాట కలిపాడు.

"మాకు గూడా ప్రాణం లేచొచ్చిందత్తా. ఇనంగానే ఉన్నపళాన కారు మాట్లాడుకోని వచ్చినాం."

చిన్నసుబ్బమ్మ మేనల్లుడిని, అతని చేతిలో వేలాడుతున్న దండను నిదానంగా చూసింది.

"కాలిరిగి మూడు నెలలు ఈ సాప మీదే పండుకోనుంటే, పులివెందల నుంచి బస్సు దొరకలేదంటివి. పాడె మోసేదానికైతే కారే దొరికిందే!"