సైగల మేస్త్రీకి దురద

ఆ ఉదయం సైగల మేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇనుప నీళ్ళ ట్యాంకును క్రేనుతో కడుతున్న మేడ ఏడో అంతస్తు మీదికి ఎక్కించాలి. ఆ తర్వాత ఆ క్రేను నడిపి దిగివచ్చే బామ్మర్దిని ఎలాగోలా మాటల్లో పెట్టాలి. క్షమాపణ మాత్రం చచ్చినా చెప్పకూడదు.

ఇద్దరికీ మూడు నెలలుగా మాటల్లేవు. ఒకరోజు నలుగురిలో భోంచేస్తూ, "క్రేను నడపడంలో ఏముంది? కింద నేను చెయ్యి చూపిస్తే కోతైనా లివర్లు లాగుతుంది" అని మేస్త్రీ నోరు జారాడు. బామ్మర్ది కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. క్యాబిన్‌లో వాకీటాకీ కూడా ఆపేశాడు. అయినా పని ఆగలేదు, ఎందుకంటే ఆ పనికి మాటలక్కర్లేదు. మేస్త్రీ ఏ చెయ్యి చాపితే క్రేను ఆ పక్కకు తిరగాలి. వేలు పైకి పెట్టి సున్నా చుడితే ఎత్తాలి, కిందికి చుడితే దించాలి. రెండు చేతులూ అడ్డంగా ఊపితే ఆగాలి. నిజం చెప్పాలంటే, ఈ మూడు నెలలూ మేస్త్రీకి తిన్న అన్నం ఒంటబట్టలేదు. బామ్మర్దంటే అతనికి ప్రాణం. ఆ ముక్క ఒప్పుకోవడానికి మాత్రం నోరు పెగలదు.

"ఏవండీ, ఇవాళ మా తమ్ముడితో మాట్లాడకుండా ఇంటికొచ్చారా, రేపట్నుంచి నాతో కూడా సైగలే!" అంది భార్య, పంటి వాపుకు డాక్టరమ్మ రాసిచ్చిన యాంటీబయాటిక్ మాత్ర అతని చేతిలో పెడుతూ. నిన్న మొదలుపెట్టిన మందది.

తొమ్మిదింటికి ట్యాంకు నేల విడిచింది. రెండో అంతస్తు దాటిందో లేదో, మేస్త్రీ ఎడమ చంకలో చిమచిమలాడుతూ దురద మొదలైంది. పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. మూడో అంతస్తు దగ్గర ఇక తన వల్ల కాలేదు. ఎడమ చెయ్యి బారుగా చాపి, కుడిచేత్తో బరబరా గోక్కున్నాడు. పైన ట్యాంకు బుద్ధిగా ఎడమ పక్కకు తిరిగింది.

"ఓరి నీ దుంపతెగ! అటెక్కడికిరా?" అని కేకేశాడు. అంత ఎత్తున ఎవరికి వినపడుతుంది? ఆపమని రెండు చేతులూ ఎత్తబోయాడు. దురద తొడ మీదికి దిగింది. చూపుడువేలు దానంతటదే కిందికి వెళ్ళి తొడ మీద సున్నాలు చుట్టింది. ట్యాంకు దిగడం మొదలైంది. మళ్ళీ చేతులెత్తాడు, ఈసారి వీపు. ఏం ఖర్మరా బాబూ! మనిషికి రెండే చేతులు, దురదకేమో ఒళ్ళంతా చోటే.

నిద్రపోయిన పసిబిడ్డను పక్కమీద పడుకోబెట్టినంత మెత్తగా, ఆ ట్యాంకు ఇంజనీరుగారి రేకుల షెడ్డు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. షెడ్డుకున్నది ఆ ఒక్క తలుపే. కిటికీ ఊచల్లోంచి ఇంజనీరు మొహం కనపడింది.

"ఎవడయ్యా తలుపుకు ట్యాంకు పెట్టింది? కాసేపట్లో ఓనరుగారొస్తున్నారు!"

"ఒక్క నిమిషం సార్, ఎత్తించేస్తా" అంటూ మేస్త్రీ వేలు పైకెత్తబోయాడు. అంతలో రెండు చెంపలూ ఒక్కసారే భగ్గుమన్నాయి. గోకితే చర్మం ఊడొస్తుందేమోనని భయమేసి, అరచేతులతో టపాటపా కొట్టుకున్నాడు.

క్రేను ఇంజను ఆగిపోయింది. నిచ్చెన మీద నుంచి బామ్మర్ది గబగబా దిగి పరిగెత్తుకొచ్చాడు.

"బావా! ఏంటిది? ఇంతమందిలో నా ముందు లెంపలేసుకుంటావా? పెద్దవాడివి!"

"ఒరేయ్, అది కాదురా..."

"ఇంకేం చెప్పొద్దు బావా!" అని ఏడుస్తూ గట్టిగా కౌగిలించుకున్నాడు.

మేస్త్రీకి నిజం చెప్పేద్దామనే ఉంది. కానీ మూడు నెలల తర్వాత చెవిన పడిన "బావా" అన్న పిలుపును పోగొట్టుకోబుద్ధి కాలేదు. "వీపు మీద కొంచెం గట్టిగా రుద్దరా" అని మాత్రం అనగలిగాడు. బామ్మర్ది ప్రేమగా రుద్దాడు.

"ముందు నన్ను బయటికి తియ్యండయ్యా, తర్వాత ఎంతసేపైనా ఏడవండి!" అని కిటికీలోంచి ఇంజనీరు అరిచాడు. అప్పుడే వచ్చిన ఓనరుగారు ఆ కిటికీ బయట నిలబడి, జైల్లో చుట్టాన్ని చూడటానికి వచ్చినట్టు, పని ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నారు.

ట్యాంకును పక్కకు తీశాక బామ్మర్ది మేస్త్రీని స్కూటరెక్కించుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఒంటిమీది దద్దుర్లు చూసి నిట్టూర్చింది.

"యాంటీబయాటిక్స్ కొందరికి ఇలా పడవు. దురద మొదలవగానే పని మానేసి రావాలా వద్దా? ఆ మాత్రలు ఆపెయ్యండి, వేరేవి రాస్తాను. పెదాలు వాచినా, ఊపిరాడకపోయినా క్షణం ఆగకుండా రండి."

బయటికొచ్చి ఇద్దరూ టీ కొట్టు బల్ల మీద కూర్చున్నారు. దద్దుర్ల సంగతి ఇక దాగదు. మేస్త్రీ గ్లాసులోకి చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"ఒరేయ్, పొద్దున నేను చెంపలు వాయించుకున్నది..."

"దురదకని తెలుసులే బావా."

మేస్త్రీ గ్లాసులోంచి తలెత్తాడు. "ఎప్పట్నుంచి?"

"చంక దగ్గర్నుంచే. ఎనిమిదేళ్ళుగా నీ చేతులు చూస్తున్నవాణ్ణి, చెయ్యి చాపడానికీ గోక్కోవడానికీ తేడా తెలీదా? ట్యాంకు గాల్లో ఉంటే నేను దిగి నీ దగ్గరికి రాలేను కదా. అందుకని ఖాళీ కనపడ్డ చోట దించేశాను. అక్కడ తలుపుందని చూసుకోలేదు."

"మరి ఆ కౌగిలింత, ఆ ఏడుపు?"

"నువ్వు ఈ జన్మలో లెంపలేసుకునే మనిషివా బావా? నీ దగ్గర్నుంచి అంతకన్నా ఏం రాదని, దాంతోనే సరిపెట్టుకున్నాను."

మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత తల పక్కకు తిప్పుకుని, పెదాలు కదిలీ కదలకుండా, "తప్పు నాదేరా" అన్నాడు.

"ఏమన్నావు బావా?"

"ఏం లేదు. ఇంకా కొంచెం దురదగా ఉందన్నాను."