జూలై దాటని రిపోర్టు

గొడుగుల కంపెనీలో రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌కు పెద్దదిక్కు మన అనలిస్టు. ఆ పొద్దున కాఫీ తాగుతూ ఒక మంచి పని తలపెట్టాడు: నెలరోజులుగా ఎవరూ తెరవని రిపోర్టులన్నీ తీసిపారెయ్యాలి. రూలు తనే రాసి, మేనేజరుతో సంతకం పెట్టించి, అందరికీ మెయిలు కొట్టాడు. తీరా వెతికితే ముందుగా దొరికింది, తను ఆదివారాలన్నీ ధారపోసి చేసిన అమ్మకాల రిపోర్టు! అందరి చెత్తా ఊడ్చబోయినవాడి చీపురు తన బల్ల కిందే ఆగింది. ప్రాణం ఉసూరుమంది.

ఇక ఆఫీసు కంప్యూటర్లో, ఫోన్లో, ఇంటి లాప్‌టాప్‌లో దాన్నే పదేపదే తెరవసాగాడు.

"కాఫీ చల్లారిపోతోంది, ఏంటండీ ఆ నొక్కుడు?" అంది భార్య.

"కన్నబిడ్డను కాపాడుకుంటున్నాను."

ఆవిడ తొంగిచూసింది. "బిడ్డ బాగానే ఉంది గానీ, జూలై దగ్గరే ఆగిపోయిందేం? ఇది డిసెంబరు కదా."

"అదంతా టెక్నికల్. నీకు అర్థం కాదులే."

వారం తిరిగేసరికి కంపెనీలో అందరికంటే ఎక్కువసార్లు తెరిచిన రిపోర్టు అదే అయింది. మేనేజరు ముచ్చటపడి మీటింగు హాల్లో పెద్ద టీవీకి ఎక్కించాడు. వానాకాలం అమ్మకాలతో గ్రాఫు నిటారుగా లేచి ఉంది.

"అమ్మకాలు ఇలా ఎగబాకుతుంటే సరుకు తగ్గించమన్నదెవరయ్యా? రెట్టింపు చెయ్యండి!"

అప్పుడు చూశాడు అనలిస్టు తేదీ వైపు. కొత్త లెక్కలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. చెప్పబోయి నోరు తెరిచాడు.

"ఇది చేసినవాడికి ప్రమోషన్ ఇవ్వాలి!" అన్నాడు మేనేజరు.

తెరిచిన నోరు మూతపడింది.

గోడౌను నిండింది. తర్వాత వరండా, మెట్లు. "లిఫ్టులో కూడా గొడుగులే సార్, ఇక మీ గదే మిగిలింది," అని స్టోర్ కీపరు మొత్తుకున్నాడు. కట్టలు దాటుకుని తన కుర్చీ చేరలేక మేనేజరుకు ఒళ్లు మండింది.

"రోజూ ఇంతమంది చూస్తున్నారు, గొడుగులు అమ్ముడవట్లేదని ఒక్కడూ చెప్పడేం? దాన్ని తెరిచినవాళ్లందరినీ హాల్లోకి పిలవండి!"

సాఫ్ట్‌వేరే పిలుపులు పంపింది. వరసలుగా కుర్చీలు వేశారు. మేనేజరు వచ్చేసరికి అనలిస్టు ఒక్కడే ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మిగతావాళ్లేరి?"

"అందరం వచ్చేశాం సార్."

మేనేజరు టీవీ వంక చూశాడు. జూలై అని పైన పెద్ద అక్షరాలతోనే ఉంది. ఇన్నాళ్లూ ఆయనా దాన్ని చదవలేదు. "తీసెయ్," అని మాత్రం అన్నాడు. ప్రమోషన్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అనలిస్టు సిగ్గుతో చచ్చిపోతూ, తను తప్ప ఎవరూ తెరవలేదు గనక, తన రూలు ప్రకారమే తన రిపోర్టును తన చేత్తోనే తీసేశాడు.

మర్నాడు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "ఏవండీ, మన బిడ్డ తెరుచుకోవట్లేదేం? రోజూ మీరు వెళ్లాక లాప్‌టాప్‌లో మీ పేరు మీదే చూస్తుంటాను, జూలై దాటిందేమోనని."

ఆ రిపోర్టుకు చదివే మనిషి ఒకరున్నట్టు, తీసేశాక తెలిసింది.